నాలుగు కిలోల ‘చిన్నది’

2025 ఏప్రిల్ ఆఖరి వారమంతా రాత్రి డ్యూటీలో ఒకే వార్త రాశాను. పహల్గాం దాడి తర్వాత నియంత్రణ రేఖ వెంబడి అవతలి సైన్యం రాత్రుళ్లు కాల్పులు జరుపుతోంది, మనవాళ్లు బదులిస్తున్నారు. సెక్టార్ల పేర్లు మారేవి, మిగతాదంతా నిన్నటిదే. ఇంగ్లీషు ప్రకటనలో ‘స్మాల్ ఆర్మ్స్’ అని ఉండేది. నేను ‘చిన్న ఆయుధాలతో కాల్పులు’ అని కొట్టి పేజీకి పంపేసేవాణ్ణి. ఆ మాట గురించి ఆలోచించిన గుర్తు కూడా లేదు.

మూడో రోజో నాలుగో రోజో పొద్దున్నే శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతుంటే చేతిలో పేపరుతో ఒక పెద్దాయన పిలిచారు. మా వీధి మనిషే. హవల్దారుగా చేసి రిటైరయ్యారు. కొడుకు ఇప్పుడు జమ్మూ వైపు ఉన్నాడు.

“బాబూ, ఇది రాసింది నువ్వేనా?”

“నేనేనండి.”

“సిన్న ఆయుదాలేటి బాబూ? మా ఇంటిది ఇది సదివీసి, పర్లేదులే, సిన్నవే కదా అనీసింది. దానికి నానేటి సెప్పను?”

నా దగ్గర జవాబు లేదు. ఆయనే చెప్పారు. ఒక్క మనిషి మోసుకెళ్లి, ఒక్కడే పేల్చగలిగేది స్మాల్ ఆర్మ్. పిస్తోలు, రైఫిల్, కార్బైన్, స్టెన్‌గన్ అన్నీ అందులోవే. లైట్ మెషీన్ గన్ (ఎల్‌ఎంజీ) కూడా. దానికి నంబర్ వన్, నంబర్ టూ అని ఇద్దరుంటారు కదా అంటే, “రెండోవోడు మేగజైన్లు అందిస్తాడు బాబూ, వోడు పడిపోతే మొదటోడు పేల్చడం మానేస్తాడా?” అన్నారు. తర్వాత వెతికి చూస్తే, ఐక్యరాజ్య సమితి నిపుణుల బృందం 1997లో ఇచ్చిన నివేదికా అదే మాట అంటోంది: ఒక మనిషి వాడుకోవడానికి చేసినవి స్మాల్ ఆర్మ్స్, కొందరు జట్టుగా వాడేవి లైట్ వెపన్స్. లైట్ మెషీన్ గన్‌ని మొదటి దాంట్లోనే వేశారు. పేరులో లైట్ ఉన్నా సరే. వంద మిల్లీమీటర్ల లోపు మోర్టార్లు మాత్రం రెండో దాంట్లోకి పోయాయి.

“ఇన్సాస్ అంటే పూర్తి పేరేటో తెలుసా?” అని అడిగారు. ఇండియన్ స్మాల్ ఆర్మ్స్ సిస్టమ్. ఎన్నోసార్లు రాసిన మాట, విప్పి చూసింది లేదు. ఆ రైఫిల్, ఆ ‘చిన్నది’, నాలుగు కిలోల పైచిలుకు. కార్గిల్‌లో మన జవాన్ల చేతుల్లో అదీ ఉంది.

టీ గ్లాసు పక్కన పెట్టి బల్ల మీద ఖాళీ చేతులతోనే తుపాకి విప్పి బిగించే ‘ఖోల్నా జోడ్నా’ చేసి చూపించారు. కళ్లు మూసుకునే. మేగజైన్ తీశారు, చాంబర్‌లో గుండు లేదని చూసుకున్నారు, లేని బోల్ట్‌ని లాగి పక్కన పెట్టారు, బ్యారెల్‌లోకి తాడు వదిలి అవతల నుంచి లాగారు. చివర నూనెగుడ్డ. దాన్ని పల్టన్లో చిందీ అంటారట. మళ్లీ అన్నీ అదే వరసలో బిగించి, కోత్‌లో అప్పజెప్పినట్టు నా వైపు తోశారు. నేను చేతులు చాపాను, నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆర్మీలో ఆయుధాల గది కోత్ అయితే, మన పోలీసులకి అది బెల్ ఆఫ్ ఆర్మ్స్. తెల్లదొరల కాలంలో తుపాకులు దాచిన గంట ఆకారపు గుడారం పేరు అలా నిలిచిపోయింది.

మరి ఎవరితో పోలిస్తే చిన్నది? ఫిరంగితో. ఈ సంగతి మన జిల్లాలవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ తెచ్చిన ఫిరంగులు పేలాయి, కోట పోయింది. కానీ బుస్సీతో కలిసొచ్చిన విజయనగరం రాజు విజయరామరాజు చచ్చింది ఆ పెద్దవాటితో కాదు, రాత్రివేళ గుడారంలో తాండ్ర పాపారాయుడి బాకు పోటుతో. నేటి సైనిక లెక్కలో బాకు స్మాల్ ఆర్మ్ కూడా కాదు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభకి బయలుదేరిన గిరిజనుల్లో కోరన్న, మంగన్న లేవిడి దగ్గర భూస్వాముల తుపాకీ గుళ్లకి పడిపోయారు. శ్రీకాకుళం పోరాటం సాయుధ దారి పట్టడం వెనక ఆ కాల్పులున్నాయి. ఇక్కడ ‘చిన్న’ అనే మాట ఎక్కడ అతుకుతుంది?

ఇంగ్లీషువాడు మోసే బరువుని బట్టి పేరు పెట్టాడు, తప్పేం లేదు. మనం పెద్ద తుపాకిని చచ్చేవాళ్ల లెక్కన పిలుచుకున్నాం: శతఘ్ని, నూరు మందిని చంపేది. ఆ పేరున్న భాషలో పక్కనే ‘చిన్న ఆయుధం’ అని రాస్తే చదివేవాళ్లు దెబ్బ చిన్నదనే అనుకుంటారు. హవల్దారు గారి భార్య తప్పు చదవలేదు, నేను తప్పు రాశాను.

అయితే సైన్యం ఆ మాట ఊరికే వాడదు. స్మాల్ ఆర్మ్స్ అంటే ఆ రాత్రి పేలినవి తుపాకులు, మోర్టార్ల దాకా రాలేదని ఎరిగినవాళ్లకి అర్థం. అది పోగొట్టకూడదు. అలాగని ‘ఫిరంగులు వాడలేదు’ అని ప్రకటనలో లేనిది చేర్చే హక్కూ నాకు లేదు. రెండు రోజులు తిరిగాను ఈ మాట చుట్టూ. ‘వ్యక్తిగత ఆయుధాలు’ అంటే లైసెన్సు తుపాకులు అనుకుంటారు. ‘చేతి ఆయుధాలు’ అంటే కత్తీ కర్రా గుర్తొస్తాయి. చివరికి చేతికి దొరికింది అందరి నోట్లో ఉన్నదే: తుపాకి. అదీ మనది కాదు, తురుష్కుల నుంచి వచ్చింది. ఫిరంగి కూడా పరంగివాళ్ల పేరే. వచ్చి ఇన్ని వందల ఏళ్లయ్యాక ఇంకా పరాయిదేమిటి?

ఆ రాత్రి ‘తుపాకీ కాల్పులు’ అని కొట్టాను. మే 7 నుంచి ప్రకటనల్లోకి నిజంగానే శతఘ్నులు వచ్చాయి. పేరు తేడాగా రాశాం కాబట్టి తేడా అందరికీ తెలిసింది. 10న కాల్పులు ఆగే దాకా పెద్దాయన రోజూ పేపరు చదివి, టీ కొట్టు దగ్గర నాకు తల ఊపి వెళ్లేవారు.

డెస్కులో కొత్తగా చేరిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. ఈ జిల్లాల్లో సైన్యంలో చేరాలని తెల్లారకముందే రోడ్ల మీద పదహారు వందల మీటర్లు పరిగెత్తే కుర్రాళ్లు ఊరికి పదిమంది కనిపిస్తారు. మీ వార్త వాళ్ల ఇళ్లలో చదువుతారు. తుపాకులైతే తుపాకులనే కొట్టండి.