కార్మెన్ మౌరా ఎవరి నటి?

కార్మెన్ మౌరా పేరు పక్కన 'అల్మొదొవార్ నాయిక' అన్న మాట అతుక్కుపోయింది. నాకది నచ్చదు.

1945లో మాడ్రిడ్‌లో పుట్టిన ఈమె, అతని మొదటి ఫీచర్ సినిమా 'పెపి, లూసి, బోమ్' (1980) నాటికే నటిగా ఉంది. 1981లో 'ఎస్తా నోచే' అనే టీవీ షో కూడా నడిపింది.

'వాట్ హావ్ ఐ డన్ టు డిజర్వ్ దిస్' (1984) చూడండి. ఇళ్లల్లో పాచిపని చేసుకునే గ్లోరియా మొగుణ్ణి పంది తొడ ఎముకతో కొట్టి చంపుతుంది. చెబితే జోక్‌లా ఉంటుంది. తెరమీద మాత్రం నవ్వు గొంతులోనే ఆగిపోతుంది, ఆ భుజాల్లో అంత అలసట. దాన్ని ఏ దర్శకుడు స్క్రిప్టులో రాసిస్తాడు? 'లా ఆఫ్ డిజైర్' (1987)లో ట్రాన్స్ మహిళ టీనాగా, వేసవి రాత్రి వీధి కడిగేవాడి పైపు కింద నిలబడి తడిసిపోయే సీను కూడా అంతే. ఆ ఆనందం పూర్తిగా ఆమెదే.

'విమెన్ ఆన్ ది వెర్జ్' (1988) తర్వాత ఇద్దరికీ చెడింది. పద్దెనిమిదేళ్లు కలిసి పనిచేయలేదు. ఈలోగా కార్లోస్ సౌరాతో 'ఆయ్, కార్మేలా!' (1990), అలెక్స్ దె లా ఇగ్లేసియాతో 'లా కొమునిదాద్' (2000). ఈ రెండో దాంట్లో శవం ఉన్న ఫ్లాట్‌లో డబ్బు దొరికిన రియల్ ఎస్టేట్ ఏజెంట్ ఆమె. అపార్ట్‌మెంట్ మొత్తం వెంటపడుతుంది. (మన గేటెడ్ కమ్యూనిటీల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకి బాగా అర్థమవుతుంది.) ఆమెకొచ్చిన నాలుగు గోయా అవార్డుల్లో రెండు ఈ సినిమాలవే.

'వోల్వెర్' (2006)లో, చనిపోయిందనుకున్న తల్లిగా, మంచం కింద దాక్కుని తిరిగొచ్చింది. కాన్స్‌లో ఉత్తమ నటి అవార్డు ఆ సినిమాలోని ఆరుగురు ఆడవాళ్లకీ కలిపి ఇచ్చారు. పోస్టర్ మీద మాత్రం పెనెలొపె క్రూజ్ ఒక్కతే ఉంటుంది.