ఎవరికి తెరిచిన లోకం?

ఒక్క ఆటకే డబ్బుంది. 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5' (2013) కొనాలా, 'హొరైజన్ జీరో డాన్' (2017) కొనాలా? రెండూ ఎటైనా తిరగనిచ్చే 'ఓపెన్ వరల్డ్' ఆటలే. ఆ తిరిగే స్వేచ్ఛ ఎవరిదన్నదే ప్రశ్న.

మొదటిదాంట్లో లాస్ ఏంజెలస్‌ను పోలిన నగరం. కథ నడిపే ముగ్గురూ మగవాళ్లే. స్త్రీలు భార్యలుగానో, స్ట్రిప్ క్లబ్బులో నర్తకులుగానో కనిపిస్తారు. ఇదంతా వ్యంగ్యమని సమర్థించేవారున్నారు. ఆ వ్యంగ్యంలోనూ చూసే కన్ను మగవాడిదే.

రెండోదాంట్లో ఏలోయ్ విల్లు పట్టుకుని ఒంటరిగా కొండలూ అడవులూ తిరుగుతుంది. ఆమె పెరిగిన నోరా తెగను పాలించేది పెద్ద తల్లులే. అయినా తల్లి లేని పిల్లని పసికందుగానే వెలివేస్తారు. తల్లి ఎవరో అడిగే హక్కు కోసం ఆమె పోటీలో గెలవాలి. మాతృత్వాన్ని పూజించినంత మాత్రాన స్త్రీకి న్యాయం దొరకదని ఇంత సూటిగా చెప్పిన ఆటకే నా డబ్బు.