తాడిచెట్టు కింద ఏడాది పొడవునా బడి

తెలుగు సామెతల్లో తాడిచెట్టుకు మర్యాద తక్కువ. మూలిగే నక్క మీద పడేది తాటిపండే. కుందేళ్లు బెదరని చప్పుడు తాటాకుదే. ఆ చెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. ఇన్ని మాటలు పడ్డ చెట్టే మనకు వేసవిలో ముంజలు, వానల్లో పండు, చలికాలంలో తేగలు పెట్టింది. పాకల మీద కప్పయింది, చేతిలో విసనకర్రయింది, మంచానికి నారయింది. పొలం గట్టున, కాలవ ఒడ్డున, చవుడు నేలలో ఎవరూ నీళ్లు పెట్టకపోయినా పెరిగింది.

ఇప్పుడు పట్టణాల చుట్టుపక్కల కొన్ని తోటలు అంగళ్లుగా మారుతున్నాయి. రైతు తన కాయను మార్కెట్ యార్డుకు తోలకుండా తోట గేటు దగ్గరే అమ్ముతున్నాడు. సెలవు రోజున కుటుంబాలు వచ్చి చెట్టు మీది కాయ కోసుకుంటాయి, అక్కడే వండింది తింటాయి, పిల్లలు ఏదో ఒక చేతిపని నేర్చుకుని వెళతారు. మామిడితోనో ద్రాక్షతోనో నడిచే ఇలాంటి అంగడి ఒక కాలం కళకళలాడి తర్వాత మూతపడుతుంది. తాడి అలా కాదు. కోయకుండా వదిలిన ముంజకాయే పండవుతుంది. పండు పిండగా మిగిలిన టెంకే తేగ పెడుతుంది. తవ్వకుండా వదిలిన తేగే మళ్లీ చెట్టవుతుంది. ఒక కాలంలో మిగిలింది మరో కాలానికి సరుకు. పైగా ప్రతి మెట్టులోనూ యంత్రానికి లొంగని చేతి పనితనం ఒకటి ఉంది. ఋతువుకొక వేడుక, వేడుకకొక పని నేర్పే తరగతి పెట్టాలనుకునే తోట అంగడికి మన నేల మీద ఇంతకన్నా సరిపడే చెట్టు లేదు.

ముంజల వేసవి

ముంజల కాలం ఎండలతో మొదలవుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా గెలలు దిగుతాయి. గెలను పైనుంచి విసిరేస్తే కాయ దెబ్బ తింటుంది కాబట్టి తాడు కట్టి దించుతారు. ముంజకు వయసే ప్రాణం. మరీ లేతగా ఉంటే లోపల నీళ్లే ఉంటాయి, కొన్నాళ్లకు జున్నులా గట్టిపడుతుంది, ఇంకొన్నాళ్లకు పన్ను దిగదు. ఆ మధ్య ఉండే కొద్ది రోజుల్లోనే కోయాలి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు ఒక్క కాయ కొట్టి చూసి గానీ గెల మీద చెయ్యి వేయరు.

కాయ కొట్టడం చూడటానికి తేలిక. ఎడమ చేత్తో కాయ పట్టుకుని కత్తితో తల లేపేస్తే సాధారణంగా మూడు కళ్లు కనిపిస్తాయి. వేటు పైకి పడితే కన్ను తెరుచుకోదు, కిందికి పడితే ముంజ తెగి నీరంతా కారిపోతుంది. బొటనవేలు కన్నులో దూర్చి అక్కడికక్కడే జుర్రుకోవడం ఒక పద్ధతి. చెక్కు తియ్యకుండా ముంజను నిండుగా బయటికి తీయడం రెండోది. అమ్మకానికి ఈ రెండోదే కావాలి, నేర్చుకోవడానికి సమయం పట్టేదీ ఇదే. పైనున్న గోధుమరంగు పొర కాస్త వగరు. కొందరు దాన్ని ఒలిచేస్తారు, కొందరు ఆ వగరు కోసమే తింటారు. గోదావరి జిల్లాల్లో కాస్త ముదిరిన ముంజలతో కూర కూడా వండుతారు. ఆ కూరను తోటలోనే పొయ్యి పెట్టి వండి వడ్డిస్తే, ముంజ అంటే చల్లగా తినేదే అనుకునే పట్నంవాళ్లకు కొత్త రుచి దొరుకుతుంది.

తిన్న తర్వాత మిగిలే బుర్రలను పారేయనక్కరలేదు. రెండు బుర్రల మధ్య పుల్ల గుచ్చి, చివర పంగ ఉన్న కర్రతో నెడితే పిల్లల బండి తయారు. ఇరుసు తిన్నగా లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుందని పిల్లలు తమంతట తామే కనిపెడతారు. బొమ్మల తరగతికి ఇంతకంటే సరంజామా అక్కరలేదు.

పేసం తీసే రోజులు

శ్రావణ భాద్రపదాల్లో పండు తనంతట తానే రాలుతుంది. తెల్లవారుజామున చెట్ల కిందికి వెళ్లి ఏరుకోవాలి, పొద్దెక్కితే పశువులు ముందుంటాయి. నల్లటి తొక్క ఒలిస్తే నారింజ రంగు పీచు, ఆ పీచును పట్టుకుని గుజ్జు. ఆ గుజ్జునే గోదావరి వైపు పేసం అంటారు.

పేసం తీయడం ఓపిక పని. టెంకలను విడదీసి, నీళ్లు కొద్దిగా చిలకరించి, రెండు చేతులతో పిసకాలి. బోర్లించిన వెదురుబుట్ట మీదో గరుకు జల్లెడ మీదో రుద్దితే పీచు నుంచి గుజ్జు త్వరగా వదులుతుంది. పని తేలికవుతుందని నీళ్లు ఎక్కువ పోస్తే పేసం పలచబడి రొట్టె ముద్ద కట్టదు. పిసికాక గుడ్డలో వడకడితే సన్న పీచు పోతుంది. తర్వాత నాలుక మీద ఒక చుక్క వేసుకుని చూడాలి. తాటిపండులో ఫ్లాబెల్లిఫెరిన్లు అనే పదార్థాలు చేదునిస్తాయి, అది చెట్టుకూ చెట్టుకూ మారుతుంది. ఒక్క చేదు పండు కలిస్తే గిన్నెడు పేసం పాడవుతుంది. ఏ గట్టు మీది చెట్టు తియ్యనిదో ఊళ్లో పెద్దవాళ్లు చెప్పగలరు. అంగడి పెట్టినవాళ్లు ఆ వివరం చెట్టువారీగా రాసి పెట్టుకుంటే వచ్చే ఏటికి పనికొస్తుంది.

తాటిరొట్టెకు పేసంలో బియ్యపు నూక, బెల్లం, కొబ్బరి కోరు కలిపి కొన్ని గంటలు నానబెడతారు. నూక గుజ్జులోని తడినంతా పీల్చుకుని ఉబ్బాలి. మందపాటి గిన్నెకు నూనె రాసి, పిండి సర్ది, కింద సన్నని సెగ, మూత మీద నిప్పులు పెడతారు. పైనా కిందా ఒకే వేడి తగిలితే రొట్టె అడుగంటకుండా ఎర్రగా కాలుతుంది. పొయ్యి దించగానే కోయకూడదు, చల్లారాకే ముక్క నిలుస్తుంది. ఇదే పేసంతో గారెలు, బూరెలు, ఇడ్లీలు కూడా చేస్తారు. బెంగాల్లోనూ ఇదే కాలంలో, ముఖ్యంగా కృష్ణాష్టమికి, తాటిగుజ్జుతో తాలేర్ బొరా వేయిస్తారు. ఒకే చెట్టు కింద రెండు వంటిళ్లు ఒకే నెలలో పొయ్యి వెలిగిస్తాయన్నమాట.

పాతరలో పెరిగే పంట

పేసం తీశాక మిగిలిన టెంకలే చలికాలపు సరుకు. ఇసుక కలిసిన వదులు మట్టిని మడిలా పోసి, టెంకలను దగ్గర దగ్గరగా పేర్చి, పైన మట్టి కప్పుతారు. ఇదే పాతర. తాటి విత్తనం మొలకెత్తే తీరు విచిత్రం. మొలక పైకి రాదు. టెంక నుంచి ఒక గొట్టంలాంటి కాడ కిందికి దిగి, మొక్కను మట్టి లోతుకు తీసుకుపోతుంది. టెంకలోని ఆహారమంతా ఆ కాడ గుండా దిగి పిండిపదార్థంగా నిలవైతే అదే తేగ. టెంకలో ఆ ఆహారాన్ని పీల్చే తెల్లటి మెత్తని గుజ్జే బుర్రగుంజు. దాన్ని టెంక పగలగొట్టి తింటారు.

నేల గట్టిదైతే తేగ వంకర తిరుగుతుంది, నీరు నిలిస్తే టెంక కుళ్లుతుంది. మూడు నాలుగు నెలలకు, ఆకు పైకి రాకముందే తవ్వాలి. ఆకు విచ్చుకుంటే తేగలోని పిండి మొక్కకు ఖర్చైపోయి పీచు మిగులుతుంది. తవ్విన తేగను పచ్చిగా తినరు. ఉడకబెట్టడం ఒక దారి, తంపట వేయడం రెండోది. కుండలో తేగలను నిలువుగా కిక్కిరిసేలా పేర్చి, మూతి బిగించి, బోర్లించి, చుట్టూ గడ్డీ ఆకులూ వేసి కాలుస్తారు. తేగ తన తడిలో తానే మగ్గుతుంది. పొట్టు ఒలిచి మధ్యకు చీలిస్తే లోపల సన్నని లేత ఆకు ఉంటుంది, పిల్లలు దాన్ని చందమామ అంటారు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా గోదావరి జిల్లాల బస్టాండ్లలో తేగల కట్టలు కనిపిస్తాయి. శ్రీలంకలోని యాళ్పాణం తమిళులు తేగలను ఎండబెట్టి పిండి కొట్టి ఏడాదంతా వాడుకుంటారు. మన దగ్గర అది అలవాటు కాలేదు.

తోట అంగడికి తేగల వేడుక బాగా కలిసొస్తుంది. భాద్రపదంలో పేసం పిసికిన కుటుంబమే తమ టెంకలను పాతరలో పెట్టి, పేరు రాసిన పలక గుచ్చి వెళ్లవచ్చు. సంక్రాంతి ముందు వచ్చి తామే తవ్వుకుంటారు. రెండు రాకల మధ్య పంటకు పట్టే కాలమెంతో వాళ్లకు అనుభవంలోకి వస్తుంది.

నీరా, బెల్లం

చెట్టు గీయడం అందరూ చేసే పని కాదు, చేయనివ్వకూడదు కూడా. తాడి గీతకు లైసెన్సు కావాలి. అంతకు మించి మోకు, ముత్తాదు కట్టుకుని చెట్టెక్కే గీత కార్మికుడి ప్రాణం కావాలి. చెట్టు మీద నుంచి పడి నడుములు విరిగినవాళ్లు గీత ఊళ్లలో తరచూ కనిపిస్తారు. అందువల్ల ఎక్కడాన్ని తమాషాగా చూపించకుండా, కిందికి దిగిన తర్వాతి పనిని నేర్పడమే మంచిది.

పూగెల కొనను రోజూ పల్చగా చెక్కుతూ ఉంటే రసం ఊరుతుంది. ఉత్త కుండ కడితే గాలిలోని ఈస్టు చేరి కొన్ని గంటల్లో కల్లవుతుంది. కుండ లోపల సున్నం పూస్తే పులియడం ఆగి తీపి నిలుస్తుంది, అదే నీరా. తెల్లవారకముందు దించి చల్లగా ఉంచాలి. హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు మీద తెలంగాణ ప్రభుత్వం 2023లో నీరా కేఫ్ తెరవడంతో ఈ రసం నగరంలో చాలామందికి తెలిసింది. గోదావరి మన్యంలోని పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం తాడి మీద పనిచేస్తోంది.

బెల్లం కాయడమైతే తోటలోనే చూపించవచ్చు. సున్నం వేరుచేసి, వెడల్పు బాణలిలో నీరాను కాస్తూ మీగడలా తేలే నురగను తీస్తుండాలి. పాకం చుక్కను నీళ్లలో వేస్తే ఉండ కట్టినప్పుడు దించి అచ్చుల్లో పోస్తారు. కిలో బెల్లానికి దాదాపు ఏడెనిమిది లీటర్ల నీరా పడుతుంది. ఆ లెక్క కళ్లారా చూసినవాళ్లు తాటిబెల్లం ధరెక్కువని మళ్లీ అనరు.

ఆకు పని

ఆకుతో పనికి ఋతువు లేదు. ముదురాకు విసనకర్రకూ కప్పుకూ వస్తుంది. సన్నపని బుట్టలకు ఇంకా విచ్చుకోని మొవ్వు ఆకు కావాలి. అది పాలిపోయిన తెల్లటి రంగులో మెత్తగా ఉంటుంది. చెట్టు పెరుగుదలంతా మొవ్వులోనే కాబట్టి ఒక చెట్టు నుంచి పదే పదే కోయకూడదు. ఈ ఒక్క నియమం తెలియకుండా బుట్టల తరగతి నడిపితే చెట్టుకు చేటు.

ఆకు నుంచి ఈనె తీసేసి, ఒకే వెడల్పు పట్టీలుగా చీల్చి, నీడన ఆరబెడతారు. అల్లే ముందు తడి చేయకపోతే మడత దగ్గర పగులుతుంది. అడుగు అల్లడం ఎవరికైనా వస్తుంది. అడుగు నుంచి గోడ లేపే మలుపు దగ్గర పట్టీలు సడలకుండా పట్టుకోవడమే విద్య. తీసేసిన ఈనెలు చీపురవుతాయి, మట్ట నుంచి తీసిన నార పేనితే తాడవుతుంది.

తాళపత్రం రాయించడం ఇంకో మంచి తరగతి. ఆకును నీళ్లలో ఉడికించి, నీడన ఆరబెట్టి, నునుపు రాయితో రుద్ది, అంచులు సమం చేస్తారు. గంటంతో గీస్తే అక్షరం కనిపించదు, గీత మాత్రమే పడుతుంది. దీపపు మసిని నూనెతో కలిపి పూసి తుడిస్తే ఆ గీతల్లో నలుపు నిలిచి అక్షరాలు తేలుతాయి. తంజావూరు సరస్వతీ మహల్లో ఉన్న తెలుగు తాళపత్ర గ్రంథాల వెనుక ఇలాంటి చేతిపనే ఉంది.

అంగడి లెక్క

తాడిచెట్లు ఇటుక బట్టీలకు కట్టెలవుతున్నాయి, లేఅవుట్లకూ చేపల చెరువులకూ అడ్డమై పడిపోతున్నాయి. పడిన చెట్టు బదులు ఇంకో టెంక పాతితే అది కాపుకు రావడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. పూత వేసేదాకా అది పోతుచెట్టో ఆడచెట్టో కూడా తెలియదు. అంత కాలం ఆగాలంటే నిలబడి ఉన్న చెట్టు ఇప్పుడే ఇల్లు గడపాలి. పాటపాడి, ఉపన్యాసం చెప్పి చెట్టును బతికించలేం. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఎడ్లబండ్ల మీద చిరుధాన్యాల విత్తనాలతో ఊరూరా జరిపే పాత పంటల జాతరలో విత్తనం దాచిన ఆడవాళ్లే మాట్లాడతారు, జనం వింటారు. తాడి అంగడిలోనూ పని తెలిసినవాళ్లే ముందుండాలి.

చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. తరగతి రుసుము నిర్వాహకుడికి వెళుతుంది. బుట్ట అల్లే అమ్మకూ పేసం పిసికే పిన్నికీ రోజు కూలి దక్కుతుంది. వాళ్లు నేర్పేవాళ్లు, కూలివాళ్లు కారు. కాబట్టి రుసుములో వాళ్ల వాటా ముందే తేల్చి, ఆ మాట అంగడి పలక మీద ధరల పక్కనే రాయాలి. వచ్చేవాళ్ల సంఖ్యను సరుకును బట్టి కాక చేతులను బట్టి పెట్టాలి. ఒక్క మనిషి ఒకేసారి ఎంతమంది చేతులు పట్టుకుని దిద్దగలదో అంతమందినే రానివ్వాలి. తాటిరొట్టె ముక్కను ఏ మిఠాయి దుకాణమైనా అమ్ముకోగలదు. పేసం పలచబడిందో లేదో చేత్తో పట్టి చెప్పగలిగే మనిషి దొరికేది మాత్రం ఇక్కడే. ఆ మనిషి కూతురు కూడా ఈ పనితో బతకగలననుకున్న రోజు గట్టు మీది చెట్టుకు వేరే కాపలా అక్కరలేదు.