రెండు గంటలకోసారి

ఈ వారం కోరుట్ల పోయి వచ్చాను. నాకు చెల్లె వరసయ్యే అమ్మాయి భర్త దుబాయ్‌లో పనిచేసే చోట పైనుంచి పడి, తలకు దెబ్బ తగిలి, అక్కడి ఆసుపత్రిలో కొన్ని నెలలుండి, స్ట్రెచర్ మీద ఇల్లు చేరాడు. ముందరి అర్రలో మంచం, మంచం చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల నిండా చూసిపోవడానికి వచ్చిన చుట్టపక్కాలు. ఆ మనిషి మీదినుంచే మాటలు నడుస్తున్నాయి. "డాక్టర్లు ఇంకెన్ని రోజులంటున్నరు?" అని ఒకరు. "మా వాడకట్టుల ఒకాయన గిట్లనే ఆర్నెల్లుండి పోయిండు" అని ఇంకొకరు. "పిల్ల వయసు చిన్నది, పాపం" అని ఒక పెద్దామె, ఆ పిల్ల వినేటట్టుగానే. నాకు ఒళ్లు మండింది.

పరామర్శల మీద నా కోపం ఈ శీర్షిక చదివేవాళ్లకు కొత్త కాదు. చావింటికైనా జబ్బు ఇంటికైనా పోతే చేతికి ఒక పని చూసుకోవాలి, లేకుంటే తొందరగా లేచి రావాలి అని ఏళ్లుగా రాస్తున్నాను. ఈసారి ఇంకా గట్టిగా రాద్దామనుకున్నాను. కోమాలో మనిషి ఉన్న ఇంటికి గొళ్లెం పెట్టాలని, భార్య, తల్లి, పిల్లలు తప్ప ఇంకెవరూ ఆ అర్రలో అడుగు పెట్టొద్దని.

అతనికి వినపడుతుందా అన్నది పక్కన కూర్చుని చూసి చెప్పగల సంగతి కాదు. చెప్పలేం గనకనే నోరు అదుపులో పెట్టుకోవాలి. 2006లో కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, రోడ్డు ప్రమాదం తర్వాత నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న 23 ఏళ్ల యువతిని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకొమ్మని అడిగింది. ఆరోగ్యంగా ఉన్న మనుషులు అలా ఊహించుకుంటే మెదడులో ఏ భాగం పనిచేస్తుందో ఆమెకూ అదే భాగం పనిచేసింది. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, ఏం చెప్పినా కదలని 241 మందిని పరీక్షిస్తే 60 మంది మెదళ్లు చెప్పిన మాటకు స్పందించాయి. నలుగురిలో ఒకరు. కోరుట్ల మంచం మీది మనిషి ఆ నలుగురిలో ఎవరో ఇక్కడ తేల్చి చెప్పినవాళ్లు లేరు. అలాంటప్పుడు ఆ చెవుల దగ్గర కూర్చుని ఇంకెన్ని రోజులని అడగడం ఏం న్యాయం?

ఈ అమ్మాయి మాత్రం మొదటి రోజు నుంచీ అతనితో మాట్లాడుతూనే ఉంది. దుబాయ్‌లో క్యాంపు గదిలో అతనితో ఉండే జగిత్యాల దిక్కు పిల్లవాడు డ్యూటీ దిగి, ఆసుపత్రికి పోయి, వీడియో కాల్ చేసి ఫోన్ అతని చెవికి ఆనించి పట్టుకునేవాడట. ఏం మాట్లాడాలో ఈమెకు తెలిసేది కాదు. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూనే, ఆ రోజు ఏం కూర వండిందో, బిడ్డకు బళ్లో ఎన్ని మార్కులొచ్చాయో, కంపెనీలో ఎన్ని బీడీలు తీసి పడేశారో చెప్పేది. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ప్రచురించిన ప్రయోగం దాదాపు ఇదే. ఇంటివాళ్ల గొంతుతో ఇంటి జ్ఞాపకాలు రికార్డు చేసి, కోమా తర్వాతి స్థితిలో ఉన్నవాళ్లకు ఆరు వారాలు రోజూ నాలుగుసార్లు వినిపించారు. పాల్గొన్నది 15 మందే, దాన్ని పట్టుకుని గొప్ప ఆశలు పెట్టుకోకూడదు. కానీ విన్నవాళ్లు విననివాళ్లకంటే మెరుగ్గా కోలుకున్నారు.

గల్ఫ్‌లో కోమాలో పడితే ఇంటికి తేవడమే ఒక యుద్ధం. విమానంలో స్ట్రెచర్‌కు సీట్లు కొన్ని మూసేయాలి, ఆక్సిజన్ కావాలి, వెంట డాక్టరో నర్సో రావాలి, ఆసుపత్రి బిల్లు తేలాలి. 2020లో జగిత్యాల జిల్లా కార్మికుడొకరు కోవిడ్‌తో దుబాయ్‌లో రెండున్నర నెలలకు పైగా ఆసుపత్రిలో ఉంటే, కోటీ 52 లక్షల రూపాయల బిల్లును ఆసుపత్రే మాఫీ చేసి పంపింది. ఇంకోసారి, నెలల తరబడి కోమాలో ఉన్న నిజామాబాద్ జిల్లా మనిషిని అలాగే బిల్లు వదులుకుని హైదరాబాద్ పంపించారు. అవి పేపర్లకెక్కిన కథలు. ఎక్కని ఇళ్లు కోరుట్లలో, మెట్‌పల్లిలో, సిరిసిల్ల పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలివ్వాలని 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మంచి పని. అయితే ప్రాణంతో వచ్చి కళ్లు మూసుకుని పడుకున్నవాడి ఇంటికి ఆ డబ్బు రాదు. ప్రవాసీ భారతీయ బీమాలో శాశ్వత వైకల్యానికి 10 లక్షలున్నాయి గానీ, ఆ పాలసీ గడువు మీరకుండా ఉండాలి, వైకల్యాన్ని డాక్టరు రాసివ్వాలి, ఆ కాగితాలు పట్టుకుని ఒకరు తిరగాలి. మంచం దగ్గరున్న ఆడమనిషి తిరగగలదా?

ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే ఇది తెలియక ఇళ్లకు ఇళ్లే రెండోసారి కూలిపోతున్నాయి. అసలైన కోమా సాధారణంగా కొన్ని వారాలకు మించి ఉండదు. తర్వాత చాలామంది కళ్లు తెరుస్తారు. నిద్రపోతారు, లేస్తారు, ఆవులిస్తారు, పళ్లు కొరుకుతారు. వాడకట్టంతా ఉరికొస్తుంది, దేవుడి దగ్గర కొబ్బరికాయ కొడతారు. కానీ ఆ చూపు దేని మీదా నిలవదు. కళ్లు తెరవడం వేరు, తెలివి రావడం వేరు. ఈ సంగతి ఆసుపత్రిలో ఉండగానే డాక్టర్లు ఇంటివాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి. తలుపు దగ్గర నిలబడి చెప్పి పోతే సరిపోదు.

చెప్పనివి ఇంకా ఉన్నాయి. డిశ్చార్జ్ కాగితం మీద మందుల పేర్లుంటాయి, మళ్లీ రావలసిన తేదీ ఉంటుంది. మనిషిని పక్కకు ఎలా మర్లేయాలో ఉండదు. సిరిసిల్లలో మా పెద్దమ్మకు ఆ కాగితం ఇచ్చి పంపించిన రోజుల్లో మాకెవరికీ సెల్‌ఫోన్లు లేవు. ఆమె భర్త, మా పెద్దబాపు, సాంచెల (మరమగ్గాల) కార్మికుడు. షిఫ్టు దిగి సైకిల్ మీద వస్తుంటే లారీ గుద్దింది. నగరంలో ఒక ఆసుపత్రిలో కొన్ని వారాలుంచి, ముక్కులో గొట్టంతో, మూత్రం సంచితో, ఇక ఇంట్లోనే చూసుకోండని పంపించారు.

మొదటి రోజుల్లో పెద్దమ్మ అతన్ని కదిలించడానికే భయపడింది. కదిలిస్తే ఏమవుతుందోనని వెల్లకిలా అలాగే ఉంచింది. నడుము కింద, పిరుదుల నడుమ ఎముక ఉన్నచోట చర్మం ఎర్రబడింది. వేలితో ఒత్తి తీస్తే ఎరుపు పోయి తిరిగి రావాలి, అది పోలేదు. ఆ వీధిలోనే ఉండే రిటైరైన నర్సమ్మ చూసి, "ఇంకో రెండు రోజులైతే ఇది పుండయితది" అని చీర కొంగు నడుముకు చుట్టింది.

ఆమె నేర్పింది నేను గోడకానుకుని నిలబడి చూశాను. ముందు బట్ట. సిరిసిల్ల ఇంట్లో బట్టకేం కరువు, కానీ ఉన్నదంతా పాలిస్టర్. పాలిస్టర్ చెమట పీల్చదు, ఒళ్లు చిత్తడైతే చర్మం ఇట్టే ఊడుతుంది. పెద్దమ్మ పెట్టె అడుగు నుంచి పాత నూలు దుప్పటి తీసింది. దాన్ని సగానికి మడిచి, భుజాల నుంచి తొడల దాకా వచ్చేటట్టు అతని కింద అడ్డంగా పరిచారు. అటొకరు ఇటొకరు నిలబడి, అంచులు అతని ఒంటికి దగ్గరిదాకా చుట్టి పిడికిళ్లు బిగించి, లెక్కపెట్టి ఇద్దరూ ఒక్కసారే లేపారు. ఈడ్చొద్దు, లేపాలి. ఈడిస్తే పైచర్మం పరుపుకు అంటుకుని లోపలి చర్మం చినుగుతుంది. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది, అందుకని వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా మాత్రం వాల్చింది. మోకాళ్ల నడుమ ఇంకో దిండు. పిక్కల కింద ఒకటి, మడమలు పరుపుకు తగలకుండా. చెవి మడత పడిందేమో వేలు పెట్టి చూసింది. మూత్రం గొట్టం తొడ కింద నలగకుండా పైకి తీసింది. "ఇగ రెండు గంటలకోసారి, రాత్రైనా పగలైనా" అంది.

గొట్టంలో జావ పోయడం కూడా ఆమే నేర్పింది. తలవైపు ఎత్తు పెంచి, సిరంజితో వెనక్కి లాగి కడుపులో పాతది మిగిలిందేమో చూసి, రాగిజావను పలుచటి బట్టలో వడగట్టి, పోసిన తర్వాత నీళ్లు పోసి గొట్టం కడగాలి. పోయగానే పడుకోబెడితే జావ ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇళ్లలో ఇలాంటివాళ్ల ప్రాణం తీసేవి ఎక్కువగా న్యుమోనియా, పుండ్ల నుంచి పాకే చీము. తలకు తగిలిన దెబ్బను తట్టుకున్న మనిషి ఒక ముద్ద జావకు పోతాడు.

రెండు గంటలకోసారి అంటే రోజుకు పన్నెండు సార్లు. ప్రతిసారీ ఇద్దరు కావాలి. పెద్దమ్మ ఒక్కతి, పిల్లలం చిన్నవాళ్లం. ఆ లెక్క ఎలా కుదిరిందో తర్వాత చాలా ఏళ్లకు ఆలోచించాను. పొద్దటి షిఫ్టుకు పోయేవాళ్లు పోతూ పోతూ లోపలికొచ్చి ఒక పట్టు పట్టేవాళ్లు. రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్లు నడిరాత్రి చాయ్‌కి బయటికొచ్చినప్పుడు ఎవరో ఒకరు తలుపు తట్టేవాళ్లు. దారపు పోగులు ఒంటికంటుకుని ఉండేవి, కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చేవాళ్లు. దుప్పటి అంచు పట్టి, లేపి, దిండ్లు సర్ది, "అన్నా, పోయొస్తా" అని అతనితో చెప్పి పోయేవాళ్లు. పగటిపూట ఇదే మనుషులు అరుగు మీద కూర్చుని "ఇంకెన్ని రోజులో" అన్నారు. ఆ మాట అన్న నోరు, ఆ దుప్పటి పట్టిన చెయ్యి ఒక్క మనిషివే.

ఏడాది తిరగకముందే పెద్దబాపు పోయాడు. స్నానం చేయించే వేళ పెద్దమ్మ ఏడుపు ఆపి, వచ్చినవాళ్లందరినీ దగ్గరికి పిలిచింది. తిప్పి చూడమంది. "వీపు సూడుండ్రి. ఒక్క పుండు లేదు" అంది. ఆ మాటలో ఉన్న గర్వం మళ్లీ నేను ఎవరి నోటా వినలేదు.

ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ 1973 నవంబరులో దాడికి గురై, 2015 మే దాకా దాదాపు 42 ఏళ్లు మంచం మీదే ఉంది. ఆమె కారుణ్య మరణం మీద 2011లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి అందరూ మాట్లాడతారు. నాకు అందులో ముఖ్యమనిపించింది వేరే సంగతి. అప్పటిదాకా అన్నేళ్లలో ఆమె ఒంటికి పుండు పడలేదు. ఇంటివాళ్లు దూరమైపోయారు, చూసుకున్నది ఆసుపత్రి నర్సులు, షిఫ్టులు మారుతూ, తరాలు మారుతూ. వాళ్లకు ఆమె మీద ప్రేమ ఉంది, ఆ ప్రేమకు డ్యూటీ చార్టు తోడైంది. ఒక్క మనిషి ప్రేమ ఎంత గొప్పదైనా పన్నెండు వంతులు మోయలేదు.

కోరుట్లలో బయల్దేరే ముందు, వచ్చేపోయేవాళ్లను కొన్ని రోజులు ఆపమని ఆ అమ్మాయికి చెప్పాను. "రానియ్యి అన్నా" అంది. "ఏమన్న అననియ్యి. వాళ్లు కూసున్నప్పుడే నేను తానం చేస్త. వాళ్లు కూసున్నప్పుడే బ్యాంకుకు పోయొస్త." బ్యాంకు అనగానే ఆమె గొంతు మారింది. అతని ఖాతాలో అతను సంపాదించిన డబ్బుంది, అతని సంతకం లేకుండా రాదు. తెలివి లేని మనిషి వేలిముద్ర వేయించమని కొందరు సలహా ఇస్తున్నారట. అది నేరమవుతుంది, ఆ పని చేయొద్దని చెప్పాను. కోమాలో ఉన్నవాళ్ల ఆస్తికి సంరక్షకులను నియమించే ప్రత్యేక చట్టం మనకు లేదు, హైకోర్టుకే పోవాలి. కేరళ హైకోర్టు 2019లో ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. బీడీలు చుట్టే ఆడపిల్ల కోరుట్ల నుంచి హైదరాబాద్ హైకోర్టుకు పోవాలా? ఈ అధికారం జిల్లా కోర్టులకు చట్టం చేసి ఇవ్వాలి. గల్ఫ్ ఉత్తర్వులో చనిపోయినవాళ్లతో పాటు ఇలాంటివాళ్లనూ చేర్చాలి.

కాబట్టి గొళ్లెం మాట వదిలేస్తున్నాను. పోండి, గుంపులుగానే పోండి. మాట్లాడితే అతనితో మాట్లాడండి, పేరు పెట్టి పిలిచి మీరెవరో చెప్పి. దుప్పటి అంచు పట్టడం నేర్చుకోండి. జగిత్యాలలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, సిరిసిల్లలో 2021 నుంచి ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ ఉంది. అక్కడ చదివే పిల్లలు వారానికొకసారి ఇలాంటి ఇళ్లకు పోయి, ఇంటివాళ్లతో పాటు వాడకట్టు వాళ్లకూ ఈ పని చేసి చూపిస్తే వాళ్లకూ చదువే, వీళ్లకూ ప్రాణమే.

కోరుట్లలో ఆ అమ్మాయి వాడలో పగటి వంతులకు మనుషులు కుదిరారు. ఎదురింటి తాత మనుమడు రాత్రి పదింటికి వస్తానన్నాడు, మూలమీది కిరాణా కొట్టాయన కొట్టు మూసి పన్నెండింటికి వస్తానన్నాడు. రెండింటికి మరిది లేస్తాడు. తెల్లారుజామున నాలుగింటి వంతుకు ఇంకా ఎవరూ దొరకలేదు.