కాల్ బటన్‌కు తెలుగు రావాలి

ఈ వారం ఒక వెబ్‌సైట్‌లో ‘నొక్కి మాట్లాడండి’ అన్న బటన్ చూసి ముచ్చటేసింది. నంబరుతో పనిలేదు, నెట్ ఉంటే చాలు. మా పక్కింటి పిన్నిగారు నొక్కగానే మైక్‌కు అనుమతి కావాలని ఇంగ్లిషులో ఏదో వచ్చింది. భయపడి ‘బ్లాక్’ నొక్కారు. మళ్లీ ఎన్నిసార్లు ప్రయత్నించినా కాల్ వెళ్లలేదు.

కౌంటర్ అవతల మనిషి ఉండాలన్నది నా పాత పట్టుదల. అందుకే ఎస్‌టీడీ బూత్‌లు గుర్తొచ్చాయి. విశాఖలోని పాత గాజువాకలో రాత్రి పదకొండు దాటితే ఆ పసుపు బోర్డుల దగ్గర రద్దీ, పావు చార్జీ కోసం. ఉక్కు ఫ్యాక్టరీ పనులకని ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు చీటీ అందిస్తే బూత్ కుర్రాడే నంబరు కలిపేవాడు. లైను తెగితే మళ్లీ కొట్టేవాడు. చదువురాని మనిషికీ ఊరి కబురు అందేది. 2002 ఏప్రిల్ 1న మన దేశంలో ఇంటర్నెట్ ఫోన్‌కు అనుమతి వచ్చాక, గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడటానికి నెట్ సెంటర్‌కు వచ్చిన తల్లికి హెడ్‌ఫోన్ తగిలించిందీ అలాంటి కుర్రాడే.

అలాగని బూత్ రోజులే మేలని అనను. ఇప్పుడు చీటీలో రాసుకొచ్చిన నంబరే ప్రమాదం. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికి, మోసగాళ్ల నంబరుకు ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకుని, ఆనక సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి మొరపెట్టుకుంటున్నవాళ్లు ఎందరో. బ్యాంకు సొంత సైట్‌లోనే బటన్ ఉంటే వెతుకులాటే ఉండదు. 1800 నంబర్లు చాలావరకు విదేశాల నుంచి కలవవు. పరాయి రేవులో ఉన్న మన ఓడ ఉద్యోగికి ఈ బటనే దిక్కు. బ్రౌజర్ నుంచే మాట్లాడించే వెబ్‌ఆర్‌టీసీని గూగుల్ 2011లోనే అందరికీ ఇచ్చేసింది. 2021 జనవరిలో అది ప్రపంచ ప్రమాణమూ అయింది.

మైక్ అనుమతి అడిగేది బ్రౌజర్. ఆ మాటల్ని సైటువాళ్లు మార్చలేరు. కానీ బటన్ పైన ‘ఇప్పుడు మైక్ అడుగుతుంది, అలౌ నొక్కండి’ అని తెలుగులో ఒక్క వాక్యం రాయొచ్చు. పొరపాటున బ్లాక్ నొక్కితే ఎలా తీయాలో బొమ్మ పెట్టొచ్చు. నెట్ బలహీనంగా ఉంటే, తామే తిరిగి ఫోన్ చేస్తామని చెప్పొచ్చు. అవతల తెలుగు మాట్లాడే మనిషి ఉండాలని వేరే చెప్పాలా?

మీ బ్యాంకు, మీ బీమా సంస్థ సైట్‌లలో ఇవి లేకపోతే, కావాలని రాతపూర్వకంగా అడగండి.