శిథిలముల లోతు

బాపట్లలో మా మిత్రుని యింట ఒక పాత స్టీరియోస్కోపును, దానితోకూడ యుద్ధములో కాలిన పట్టణముల జంటచిత్రములు కొన్నింటిని జూచి, తెనాలిలో మా విద్యార్థులకు జూపుటకై యడిగి తెచ్చితిమి. రెండు కన్నులకు వేర్వేరుగ, కొంచెము భేదముతో తీసిన రెండు చిత్రములను కటకములగుండ జూచినచో అవి యొక్కటై, గోడలు ముందుకును వీధులు వెనుకకును జరిగినట్లు తోచును. 1838లో వీట్‌స్టను ఈ మర్మమును వివరించెను. 1861 ప్రాంతమున అమెరికాలో హోమ్సు చేతబట్టుకొను చౌకయంత్రమును కల్పింపగా నివి యింటింటి వినోదమయ్యెను.

మాకు దొరికినవి రిచ్మండు, పారిసు చిత్రములు. వానిలో నేర్పు లేదనజాలము. రిచ్మండునందు కప్పులేని గోడలు వరుసగా నిలిచియున్నవి. కిటికీల కన్నములలో ఆకాశము కనబడుచున్నది. మా పిల్లలు చేయిచాచి రాళ్లను తాకబోయిరి. మేమును సంతోషించి, కటకముల ధర్మమును బోధించి, గంట కొట్టగానే పాఠము ముగించితిమి.

ఆ తృప్తి తొందరపాటని పిమ్మట తెలిసినది. 1865 ఏప్రిలులో రిచ్మండున నిప్పు పెట్టినది శత్రుసేన కాదు. పట్టణమును విడిచిపోవుచున్న సొంతసేన గిడ్డంగులకు పెట్టిన నిప్పే ఊరికి పాకెను. ఎంత లోతుగ జూచినను ఈ సంగతి ఆ గోడలలో కానరాదు. 1871లో పారిసున కాలిన టుయిలరీ సౌధపు చిత్రములును అట్టివే. ఆనాటి తడిపలకలపై కదలువారు తరచుగ మసకబారుదురు, శిథిలము కదలదు. కావున ఛాయాగ్రాహకునకు మనుష్యునికంటె గోడ యనుకూలమయ్యెను.

మనుష్యుడు కనబడినంతమాత్రమున సత్యము కనబడినదనియు ననరాదు. 1857 నవంబరులో లక్నో సికందరుబాగున సిపాయిలు అసంఖ్యాకముగ హతులైరి. బియాటో యచటికి వచ్చినది మరుసటి యేడు. అది జంటచిత్రము గాకపోయినను, ఆయన చిత్రములో ముంగిట నెముకలు పరచియున్నవి. నెలలు గడచినపిదప వానిని చిత్రముకొరకే యమర్చిరని పండితుల యభిప్రాయము. చంపబడినవారికి పేరు లేదు. చూచువారికి మాత్రము విజయము గలదు.

కడపట రేపల్లెలో మా పినతల్లిగారి చేతికి యంత్రమునిచ్చితిమి. 1977 నవంబరు 19వ తేదీ యుప్పెనను ఆమె కన్నులార జూచినవారు. రిచ్మండు వీధిని చాలసేపు జూచి, “గోడలు బాగానే కనపడుతున్నాయి నాయనా. ఈ యిళ్లవాళ్లేరీ?” అనిరి. మా వద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

యుద్ధచిత్రములు నేడు ప్రతి గృహమునకును క్షణక్షణము వచ్చుచున్నవి. వానిని పిల్లలనుండి దాచుట విద్య కాదు. చూపి యూరకుండుటయు విద్య కాదు. ఎవరు తీసిరి, ఎప్పుడు తీసిరి, ఎవరికొరకు తీసిరి యని వారిచే నడిగింపవలెను. మరల ఆ చిత్రములను తరగతికి గొనిపోయిననాడు కటకములను పిదప జెప్పుదుము. మా పినతల్లిగారి ప్రశ్నతో పాఠము నారంభింతుము.