ఉద్యోగ శబ్దము – మన యింటి యాలోచన

పట్టము పుచ్చుకొన్న కుమారుడో కుమార్తెయో యున్న తెలుగింట సాయంకాలపు మాటలలో ఒక ప్రశ్న తప్పక వచ్చును: సర్కారు కొలువునకు ప్రయత్నింపవలెనా, కంపెనీలో చేరవలెనా? ఈ ప్రశ్న పుట్టుటలో దోషము లేదు. దానిని మన పెద్దలు తూచు తక్కెడలోనే దోషమున్నదని నా యభిప్రాయము. ఒక్కొక్క యింట ఎనిమిది పది యేండ్ల యౌవనము ఈ తూనికపై నాధారపడి యున్నది గనుక, చదువరులు కొంచెము ఓపికతో వినగోరుచున్నాను.

మొదట శబ్దమును చూతము. ‘ఉద్యోగము పురుషలక్షణము’ అను మాటను పనిలేని కుమారునిపై విసరని తండ్రి అరుదు. సంస్కృతమున ఉద్యోగమనగా పూనిక, యత్నము. భారతమున నొక పర్వమునకే యా పేరున్నది. అందు పాండవులలో నెవ్వరును జీతమునకై దరఖాస్తు పెట్టియుండలేదు. వారు కొలువు చేసినది అంతకుముందరి విరాటపర్వమున. అదియు మారుపేర్లతో, అజ్ఞాతవాసమున. పూనికను చెప్పు మాట మన భాషలో జీతపు పీటను చెప్పు మాటయైనది. అంతతో నాగలేదు. ‘వానికి ఉద్యోగము వచ్చినది’ అందుము, వాన వచ్చినదన్నట్లు. రానిచో ఆకాశమువంక చూచుచు కూర్చుండుటయే కర్తవ్యమైనది. కంపెనీలో మూడేండ్లుగా పనిచేయుచున్న పిల్లవానిని గూర్చియు, ‘ఇంకను ఉద్యోగము రాలేదు, ఏదో కంపెనీలో చేయుచున్నాడు’ అని చెప్పు తల్లిదండ్రులున్నారు. ఆ ‘ఏదో’ యను రెండక్షరములలో మన సంఘపు తీర్పంతయు నిమిడియున్నది.

ఈ విషయమున మన సాహిత్యమునందు చూడదగిన సాక్ష్యము కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము. యౌవనమున వారి యెదుట రెండు మూడు దారులుండెను. సర్కారు కచ్చేరీలో కొలువు కావలెనన్నచో లంచము తప్పదని తెలిసి దానిని వదలుకొనిరి. న్యాయవాదవృత్తి స్వతంత్రమైనదే, కాని యందు అసత్యమాడక తీరదని తలచి దానిని గూడ వదలుకొని బడిపంతులైరి. కోరంగి, ధవళేశ్వరము, రాజమహేంద్రవరము – ఇవి వారు పాఠములు చెప్పిన యూళ్లు. వివేకవర్ధనిని వెలయించినది 1874లో. మొదటి వితంతువివాహమును జరిపించినది 1881లో. ఉపన్యాసకులు ఈ కథను చెప్పుచు, పంతులుగారు దొరతనమువారి కొలువును తృణీకరించిరని ముగింతురు. అట్లు చెప్పుట సగము చదివి పుస్తకము మూయుట. ఏలయన, తరువాత వారు రాజమహేంద్రవరమున దొరతనమువారి కళాశాలలోనే తెలుగు పండితులుగా నుండిరి. జీతమిచ్చు చేయి యెవరిదను ప్రశ్న వారికి ముఖ్యము కాలేదు. ఈ పనిలో ప్రతిదినము నా నోట ఏ మాట పలుకవలసి వచ్చును, నా చేత ఏ పని జరుగును అనునదే వారి విచారము. దానినిబట్టి యొక సర్కారు పనిని, ఒక స్వతంత్రవృత్తిని రెంటిని త్రోసివైచి, మరియొక పనిని గైకొనిరి. మన యిండ్లలో వినబడనిది సరిగా ఆ విచారమే.

సర్కారు, కంపెనీ యను రెండు మాటలును మనము తలచునంత దూరపు చుట్టములు కావు. మన పూర్వులు మొట్టమొదట ‘కుంపిణీ కొలువు’ అని గొప్పగా చెప్పుకొన్నది ఒక వర్తకసంఘపు కొలువు. ఈస్టిండియా కంపెనీ లాభమునకై పెట్టిన దుకాణము. 1858 వరకు మనల నేలినదియు నదియే. తెలుగు నిఘంటువును కూర్చిన బ్రౌనుదొర ఆ కంపెనీ జీతగాడు. మరియొక వైపు, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో 1893లో అమృతాంజనమును నెలకొల్పి, ఆ వ్యాపారపు సొమ్ముతో 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని నడపిరి. తలనొప్పి మందు అమ్మిన డబ్బు తెలుగు విమర్శకు కాగితమును సిరాయును కొనిపెట్టినది. సర్కారు పనియే సేవ, స్వంత వ్యాపారము స్వార్థమని తీర్పు చెప్పువారు ఈ పత్రికల పాత సంపుటములను తెరచునప్పుడైనను ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురు గాక.

మరి సర్కారు కొలువుపై నింత మోజు ఎక్కడనుండి వచ్చినది? పింఛను నుండి యని కొందరందురు. అది నిజమే, కాని సగమే. మిగిలిన సగము పెండ్లిపందిటిలో నున్నది. 1892లో విజయనగరమున ప్రదర్శితమైన కన్యాశుల్కమున కూతురునకు వెల. 1920ల ఆదిలో కాళ్లకూరి నారాయణరావుగారు రచించిన వరవిక్రయమున కొడుకునకు వెల. ఈ ముప్పదియేండ్లలో తక్కెడ యిటునుండి యటు మొగ్గుటకు కారణములు పెక్కు గలవు. అందు ముఖ్యమైనది ఇంగ్లీషు చదువును, దాని వెనుక కనబడు కొలువును. గురజాడవారు దీనిని పసిగట్టిరి. కన్యాశుల్కమున నింగ్లీషు చదువుపై ఇంటివారు పెట్టుకొన్న యాశయే గిరీశము వంటివానికి ఆ యింట పీట వేసినది. వరవిక్రయ కర్త కాళిందిచేత ప్రాణత్యాగము చేయించి మనల నేడ్పించును. మగపెండ్లివారి పేరాశను చక్కగా ఎండగట్టును. అయినను ఆ వెలను కట్టునది లోభి యొక్కడే కాడనియు, నెలజీతమునుబట్టి అల్లుని కొలుచు ఆడపెండ్లివారు గూడ ఆ బేరమున పాత్రలేయనియు ఆ నాటకము గట్టిగా చెప్పదు. అందుచేత ప్రేక్షకుడు లింగరాజును చూచి నవ్వి, ఇంటికి పోయి తన కూతురునకు సర్కారు అల్లునే వెదకుచున్నాడు. 1961లో వరకట్న నిషేధచట్టము వచ్చినది. వెల పోలేదు. కొలువునుబట్టి హెచ్చుతగ్గులు నిర్ణయించుట నేటికిని మధ్యవర్తులకు కరతలామలకము.

ఇక పింఛను మాట. ‘చచ్చునంతవరకు తిండికి లోటుండదు’ అను తాతగారు తమ కాలపు పింఛనును మనసునందుంచుకొని పలుకుచున్నారు. 2004 జనవరి 1 మొదలు కేంద్రమును, అదే సంవత్సరము సెప్టెంబరు 1 మొదలు ఆంధ్రప్రదేశమును కొత్తగా చేరువారికి పాత పింఛనును తీసివేసి, జీతమునుండి కొంత మినహాయించి నిధిగా కూర్చు పద్ధతిని పెట్టినవి. 2025 ఏప్రిల్ 1 నుండి కేంద్రము మరియొక యేర్పాటు చేసినది. అందు ఇరువదియైదేండ్లు పనిచేసినవారికి చివరి పండ్రెండు నెలల మూలవేతనపు సగటులో సగము ఇత్తురు. ఇది కొంత మేలే. నేను చెప్పదలచినది, నలువదియేండ్లనాటి కాగితమును చేతబట్టి నేటి పిల్లవానికి త్రోవ చూపరాదనియే. కంపెనీవైపు వాదించువారికిని ఇదియే మాట. 2009 జనవరి 7న హైదరాబాదులో సత్యము కంప్యూటర్సు అధిపతి తన లెక్కలు కల్లలని తానే లేఖ వ్రాసినపుడు, అంతకుముందు దినము వరకు అల్లుళ్లలో మేటియనిపించుకొన్నవారు ఒక్క పూటలో దిక్కులు చూచిరి. కంపెనీ కొలువు నిలుకడ లేనిదను భయము ఉత్తుత్తి భయము కాదు. దానిని పరిహసించుట పట్టణపు యువకులకు ఫ్యాషను కావచ్చును, వివేకము కాదు.

ఐనను, ఆ నిలుకడకై మనము చెల్లించు వెలను ఇంటిలెక్కల పుస్తకములో వ్రాయుట లేదు. తెలంగాణము ఏర్పడినది 2014లో. ఆ రాష్ట్రపు మొదటి గ్రూపు-1 ప్రకటన 2022లో వచ్చినది, 503 పదవులకు. ఆ యేటి అక్టోబరులో ప్రాథమిక పరీక్ష జరిగినది. ప్రశ్నపత్రములు బయటికి పొక్కినవని 2023 మార్చిలో రద్దయినది. జూనులో మరల పెట్టిరి. సెప్టెంబరులో హైకోర్టు దానిని గూడ రద్దుచేసినది. 2024లో పాత ప్రకటననే తీసివేసి, 563 పదవులకు కొత్త ప్రకటన చేసిరి. ఈ నడుమ అశోకనగరపు గదులలో, ఒక మంచము, ఒక బల్ల, నలుగురు మనుష్యులుగా నుండి చదివినవారి వయస్సు ఆగలేదు. ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ నియామకములకు 2018 తరువాత మరల పెద్ద పరీక్ష జరిగినది 2025లో. పంతులుగారు కోరి చేపట్టిన బడిపని కొరకే అవనిగడ్డ వంటి యూళ్లలో యువతీయువకులు ఏండ్ల తరబడి కాచుకొని యుండిరి. ఆ కాలమంతయు ప్రైవేటు బడిలో స్వల్పజీతమునకు పాఠములు చెప్పినవారు గూడ, బంధువుల లెక్కలో, ఉద్యోగము లేనివారే!

2019లో ఆంధ్రప్రదేశమున గ్రామసచివాలయములు నెలకొల్పినపుడు లక్షకు మించిన పదవులకు ఇరువది లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. ఇంజనీరింగు చదివిన పిల్లలు నెలకు పదునైదువేలపై చేరిరి. రెండేండ్లన్న పరీక్షాకాలము ముగిసి వారు ఖరారగుటకు 2022 నడిమి నెలలు వచ్చినవి. ఇందు విచిత్రమేమనగా, వారిలో కొందరు చేసిన పని – ముసలివాని పింఛను, పొలపు సర్వే, త్రాగునీటి కుళాయి – ఊరికి నిజముగా కావలసిన పని. కాని ఆ పని మంచిదా యని యడిగిన చుట్టమొక్కడును లేడు. ‘పర్మనెంటేనా?’ అని యడిగినవారే అందరును.

ఆడపిల్లల విషయమున నీ విచారము మరింత వంకరగా నడచుచున్నది. సామెతలోనే వారికి చోటు లేదు. కొడుకునకు సర్కారు కొలువు గౌరవమునకు. కూతురునకు, సాయంకాలము అయిదింటికి ఇల్లు చేరి పొయ్యి వెలిగించుటకు. కంపెనీలో రాత్రిపని యున్నదని వెనుదీయు తల్లి, ఆసుపత్రిలో రాత్రిపని చేయు నర్సుచేత సేవ చేయించుకొనుటకు వెనుదీయదు. ప్రసూతి సెలవు మాటయందురా, 2017లో చట్టమును సవరించి కంపెనీలలో గూడ మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారములు చేసిరి. ఆ సెలవునకు జడిసి యువతులను చేర్చుకొనుటకే వెనుకాడు యజమానులు లేకపోలేదు. అది కంపెనీల దోషము, దానిని దాచరాదు. అయినను పెక్కిండ్లలో అడ్డుపడునది చట్టమును కాదు, యజమానియు కాదు. పెండ్లి సంబంధమేదియు కుదరకమునుపే, రేపటి యత్తవారి సౌకర్యమును తలచుకొని నేటి పిల్ల దారిని గీయుటయే.

పిల్లలు పరీక్షలకు చదువరాదని నేననను. దొరతనమునకు మంచి పనివారు కావలెను. లంచమునకు చేయి చాపని గుమాస్తా యొక్కడు ఒక తాలూకాకు మేలు చేయగలడు. కాని యా పిల్లవాడు ఏ కచ్చేరీలో ఏ పని కోరుచున్నాడో చెప్పగలిగియుండవలెను. రెవెన్యూ, పోలీసు, దేవాదాయము, అబ్కారీ – ఏదైనను సరే, వచ్చిన చాలునని చదువువాడు పనిని కోరుట లేదు, కుర్చీని కోరుచున్నాడు. కంపెనీకి పోవువానిని గూడ ఈ ప్రశ్నయే అడుగవచ్చును. వాడును తరచుగా జీతపుటంకెను తప్ప మరేమియు చెప్పలేడు.

పరీక్ష కెన్ని యేండ్లు ఇత్తుమో ముందే యనుకొని, కాగితముమీద వ్రాసికొన్న కుటుంబములు కొన్ని నాకు తెలియును. రెండేండ్లని యొకరు, మూడని యొకరు. గడువు తీరినపుడు ఆ యిండ్లలో ఏడుపులు లేకపోలేదు. ఒక తండ్రి మాట తప్పి నాలుగవ యేడు గూడ డబ్బు పంపెను. ఆ కాగితమును బయటికి తీసి ‘ఇక చాలు, నాన్నగారూ’ అన్నది ఆయన కూతురే. ఆమె ఇప్పుడు విజయవాడలో ఒక మందుల పంపిణీ సంస్థలో లెక్కలు చూచుచున్నది. చుట్టములు మాత్రము, ఇంకను ఉద్యోగము రాలేదా యని అడుగుచునే యున్నారట.